బాత్రూమ్ గోడలకి చెక్క ప్యానెలింగ్ చేయిద్దామనుకుంటున్నాం. మన వాడకానికి ఆగుతుందా?

మియాపూర్_మాధవి
మాది మియాపూర్‌లో పన్నెండేళ్ల నాటి అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. పెద్ద బెడ్‌రూమ్‌కి ఆనుకుని ఉన్న బాత్రూమ్ 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. ఏడడుగుల ఎత్తు దాకా లేత ఆకుపచ్చ టైల్స్. రెండు మూడు చోట్ల పగిలాయి, మధ్యలో సిమెంటు నల్లబడిపోయింది. పోయిన సంక్రాంతి సెలవులకి అరకు వెళ్లినప్పుడు మేం దిగిన కాటేజీలో బాత్రూమ్ గోడకి నిలువు చెక్కలు కొట్టి ఉన్నాయి. తలుపు తీయగానే చెక్క వాసన, గోడ మీద చేయి వేస్తే వెచ్చగా ఉంది. అప్పటి నుంచీ నాకూ మావారికీ అదే ధ్యాస.

ఇంటీరియర్ పని చేసే అబ్బాయి వచ్చి చూశాడు. టైల్స్ పగలగొట్టక్కర్లేదు, వాటి మీదే డబ్ల్యూపీసీ లూవర్లు (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన గాళ్ల పలకలు) అతికించేస్తాను, మూడు గోడలూ ఒక్క రోజు పని అన్నాడు. పనితో కలిపి చదరపు అడుగుకి 210 చెప్పాడు. నాకు రెండు అనుమానాలు. మేం షవర్ కంటే బకెట్, మగ్గుతోనే ఎక్కువ స్నానం చేస్తాం, నీళ్లు అన్ని గోడల మీదా పడతాయి. రెండోది, ఆ బాత్రూమ్ గోడకి అవతల, బెడ్‌రూమ్‌లో బీరువా వెనక పెయింట్ పొక్కులు లేచింది. ప్యానెల్ వేస్తే అదే సర్దుకుంటుంది అంటున్నాడు.

నాన్నగారు మా దగ్గరే ఉంటారు, 74 ఏళ్లు. పట్టుకోవడానికి రాడ్లు కూడా పెట్టించాలి. చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నిజం చెక్క వాడినవాళ్లు ఉంటే మరీ మంచిది.

సివిల్_శీను
ప్యానెల్ సంగతి పక్కన పెట్టి ముందు బీరువా వెనక సంగతి చూడండి. అదే సర్దుకుంటుంది అన్న మనిషికి అడ్వాన్స్ ఇవ్వకండి. తడి ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా పైన ఏది కప్పినా అది ఇంకో దారి వెతుక్కుంటుంది. ఇవాళ పెయింట్ దగ్గర ఉంది, రేపు స్విచ్ బోర్డు దాకా వస్తుంది.

ఆ మచ్చ ఎప్పుడూ ఒకేలా ఉంటుందా, స్నానాలయ్యాక పెరుగుతుందా?

మియాపూర్_మాధవి
బీరువా వెనక కదండీ, రోజూ చూసింది లేదు. ఇవాళ జరిపించి చూశాను. చేయి పెడితే చల్లగా ఉంది. గోరుతో గీస్తే లప్పం పొడిలా రాలుతోంది.

రాజమండ్రి_రాజు
బాత్రూమ్‌లో చెక్క అంటే మాకు గుర్తొచ్చేది తలుపే. మా వీధిలో ప్రతి ఇంటి బాత్రూమ్ తలుపుకీ కింద అల్యూమినియం రేకు ఉంటుంది. ఆ రేకు కొట్టేదాకా గృహప్రవేశం పూర్తయినట్టు కాదని మా మేస్త్రి అంటాడు.

విశాఖ_తీరం
మాది ఎంవీపీ కాలనీ. నేను చేసిన పొరపాటు చెప్తాను, మీకు పనికొస్తుంది. 2021లో మా చిన్న బాత్రూమ్‌లో వాష్ బేసిన్ వెనక గోడకి ఎండీఎఫ్ బోర్డు, దాని మీద చెక్క రంగు లామినేట్ వేయించాం. అక్కడ ఎవరూ స్నానం చేయరు, చేతులు కడుక్కోవడమే. మొదటి వానాకాలం బాగానే గడిచింది. రెండో వానాకాలానికి కింది అంచు ఉబ్బి, లామినేట్ పెదవి విప్పినట్టు విడింది. ఆ గదిలోకి వెళ్తే తడిసిన గోనెసంచి వాసన.

ఓ ఆదివారం స్క్రూడ్రైవర్ పెట్టి నేనే ఊడదీశాను. వెనకంతా నల్లటి బూజు. గోడ మీద బోర్డు ఆనిన మేర ఎంత ఉందో అంతే మేర చతురస్రంగా నలుపు. బోర్డు కింది భాగం చేత్తో నొక్కితే తడిసిన అట్టలా నలిగిపోయింది. పైన చూస్తే రంగు చెక్కుచెదరలేదు! పైన పటారం లోన లొటారం అంటారే, అచ్చం అదే.

తర్వాత అర్థమైంది. కొలతకి సరిపోవడానికి కింది అంచుని అక్కడికక్కడే కోసి, కోసిన చోట ఏ పట్టీ వేయకుండా నేలకి ఆనించేశారు. ఇల్లు తుడిచిన ప్రతిసారీ ఆ నీళ్లు పైకి పీల్చుకుంది. దానికి తోడు మా దగ్గర వానాకాలంలో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే.

కూకట్‌పల్లి_కిరణ్
ఎండీఎఫ్‌కీ డబ్ల్యూపీసీకీ పోలికేంటండీ? ఎండీఎఫ్ అంటే చెక్క పొట్టు, జిగురు. నీళ్లు తగిలితే పోతుంది, అందరికీ తెలిసిందే. డబ్ల్యూపీసీలో ప్లాస్టిక్ ఉంటుంది, ఉబ్బదు. మేం నాలుగేళ్ల క్రితం వేయించాం, ఇప్పటికీ కొత్తదానిలాగే ఉంది. మాధవి గారూ, ధైర్యంగా వేయించుకోండి.

విశాఖ_తీరం
కిరణ్ గారూ, మీది ఏ గోడకి? నీళ్లు పడే గోడకా?

కూకట్‌పల్లి_కిరణ్
బేసిన్ గోడకి. స్నానం చేసే చోట అద్దం అడ్డుగా ఉంది. అటువైపు టైల్సే.

విశాఖ_తీరం
మరి మాధవి గారికి అడ్డు లేదు. మగ్గుతో తల మీద పోసుకుంటే నీళ్లు ఎదుటి గోడ దాకా వెళ్తాయి. మీ అనుభవం మీ గోడకి నిజం, వాళ్ల గోడకి కాకపోవచ్చు.

వడ్రంగి_ఇంటిబిడ్డ
మా బాపు నలభై ఏళ్లు వడ్రంగం చేసిండు, మంచిర్యాలలో. నేను ఉద్యోగంలో ఉన్నా సెలవు దొరికితే ఇప్పటికీ ఆయన పక్కన కూర్చుని పని పట్టుకుంటాను. నిజం చెక్క అడిగారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

మా వైపు టేకు అంటే బల్హార్షా టేకు. కాగజ్‌నగర్ దాటితే చంద్రపూర్ జిల్లా బల్హార్షా, అక్కడి డిపోల నుంచి మాకు దుంగలొస్తాయి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి నీటిని తట్టుకుంటుంది. అయితే ఆ గుణం చేవకే ఉంటుంది. దుంగ అంచున తెల్లగా ఉండే భాగానికి ఆ శక్తి లేదు. పలకలు కొనేటప్పుడు తెలుపు ఉన్నది పక్కన పెట్టేయాలి. పాలిష్ వేశాక తెలుపూ చేవా ఒకేలా కనిపిస్తాయి, అప్పుడు ఎవరూ పట్టుకోలేరు.

బాపు 2009లో ఒక డాక్టర్ గారి ఇంట్లో బాత్రూమ్‌కి టేకు పలకలు కొట్టిండు. నేను పక్కనే ఉన్నా. అవి ఇప్పటికీ ఉన్నయి. ఎట్ల కొట్టిండో చెప్తా.

పలకని గోడకి ఆనించలేదు. ముందు గోడకి రీపర్లు, అంటే సన్నటి కర్ర పట్టీలు కొట్టి, వాటి మీద పలకలు. గోడకీ పలకకీ మధ్య ముప్పావు అంగుళం ఖాళీ. పలకలు నిలువుగా పెడితే నీళ్లు కిందికి జారిపోతాయి, కానీ అప్పుడు రీపర్లు అడ్డంగా వస్తయి. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకటే రీపరు కొడితే లోపల గాలి ఆగిపోతుంది. అందుకని రెండడుగులకోసారి రెండంగుళాలు వదిలి ముక్కలు ముక్కలుగా కొట్టిండు. ఆ ఖాళీలోంచి గాలి కింద నుంచి పైకి పోతుంది. పలకల అడుగు నేలకి నాలుగంగుళాల పైనే ఆపిండు, పైన సీలింగ్‌కి అంగుళం వదిలిండు. బయటి నుంచి చూస్తే అదొక డిజైన్ అనుకుంటారు. ఆ ఖాళీ లేకపోతే ఆ చెక్క లేదు.

ఇనుప మేకులు వాడొద్దు. టేకుకి, ఇనుముకి తడి తగిలితే మేకు చుట్టూ నల్లటి మరక దిగుతుంది, అది చెక్కలోకి పోతుంది, రుద్దినా పోదు. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలే. సముద్రం దగ్గరవాళ్లయితే 316 గ్రేడ్.

పాలిష్ విషయానికొస్తే, లక్క పాలిష్ నీళ్లు పడితే తెల్లబడుతుంది. మెలమైన్ గట్టిగా ఉంటుంది కానీ బీట పడితే ఆ సందులోంచి నీళ్లు దిగి అడుగున నల్లబడుతుంది. డాక్టర్ గారింట్లో నూనె మాత్రమే పట్టించిండు. ఏటా దీపావళి ముందు వాళ్లే గుడ్డతో ఇంకోసారి పట్టిస్తరు.

ఇంకొకటి. ఆ గోడ స్నానం చేసే గోడ కాదు. మొత్తం నాలుగు గోడలకీ కొట్టమని డాక్టర్ గారు అడిగితే బాపు ఒప్పుకోలే. "నీళ్లు పోసే గోడకి రాయి, చూసే గోడకి కర్ర" అన్నడు.

మియాపూర్_మాధవి
ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్ అండి. పెద్దాయన మాట బాగా మనసుకి పట్టింది. రీపర్లు కొట్టాలంటే టైల్స్‌కి రంధ్రాలు వేయాలి కదా?

సివిల్_శీను
వేయాలి. అక్కడే రెండో ప్రమాదం. టైల్స్ వెనక సీపీవీసీ నీళ్ల పైపులు ఎటు పోయాయో మీకు తెలియదు. పన్నెండేళ్ల క్రితం కట్టినప్పుడు ఫొటోలు ఎవరూ తీసి ఉండరు. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, టైల్స్ వేసే ముందు గోడ మీద టేపు పట్టి పైపుల ఫొటోలు తీసి పెట్టుకోండి. నేల నుంచి ఎంత, మూల నుంచి ఎంత అనేది కనపడాలి.

స్క్రూ పైపుకి సూటిగా తగిలితే వెంటనే చిమ్ముతుంది, తెలుస్తుంది. ఒరుసుకుంటే మాత్రం నెలల తరబడి చుక్క చుక్కగా కారి కింది ఇంటి సీలింగ్‌లో తేలుతుంది.

నల్గొండ_నాగు
మా ఇంట్లో టవల్ రాడ్డు బిగిస్తుంటే పైపు పగిలి గోడలోంచి ఫౌంటెన్ వచ్చింది. మా పిల్లలు మాత్రం చప్పట్లు కొట్టారు.

డల్లాస్_పద్మ
ఇక్కడ మా ఇంట్లో బాత్రూమ్ గోడకి మూడున్నర అడుగుల ఎత్తు దాకా బీడ్‌బోర్డ్ ఉంది. అంటే సన్నటి గాళ్లు పడిన నిలువు చెక్క పలకలు, తెల్ల పెయింటు. అమెరికాలో పాత ఇళ్లలో ఇది చాలా మామూలు. ఇరవై ఏళ్ల ఇల్లు, పలకలు బాగానే ఉన్నాయి. అది చూసి ఇండియాలో మా చెల్లి కూడా అలాగే వేయిస్తానంటే నేనే వద్దన్నాను.

ఎందుకంటే ఇక్కడ స్నానం టబ్‌లోనే, కర్టెన్ వెనకే. టబ్ బయట నేల మీద నీళ్లు పడితే తుడుచుకోవాల్సిందే, అక్కడ నీళ్లు పోయే తూము ఉండదు. టబ్ చుట్టూ సిమెంట్ బోర్డు, దాని మీద టైల్. చెక్క ఉన్నది పొడి వైపు. దానికి తోడు ఫ్యాన్. కిటికీ లేని బాత్రూమ్‌కి నిమిషానికి 50 ఘనపుటడుగుల గాలి లాగే ఫ్యాన్ పెట్టాలని ఇక్కడ రూలు.

మా అమ్మ వచ్చి ఆరు నెలలున్నారు. ఆవిడకి టబ్‌లో నిలబడి స్నానం చేయడం భయం. బకెట్ కింద పెట్టుకుని, చెంబుతో టబ్ పక్కన నేల మీదే కూర్చుని పోసుకునేవారు. అమ్మని ఏమంటాం? ఆవిడ వెళ్లాక చూస్తే ఆ మూల పలకల అడుగు రెండంగుళాల మేర ఉబ్బి, పెయింటు పొరలు లేచాయి. ఇరవై ఏళ్లు నిలబడ్డ చెక్క, మన స్నానానికి ఆరు నెలలు. ఆ భాగం కోసేసి పీవీసీ పట్టీ వేయించాం. ఈసారి అమ్మ కోసం కుర్చీ, చేత్తో పట్టుకునే షవర్ పెట్టించాను.

మాధవి గారూ, మీ నాన్నగారి రాడ్ల గురించి ఒక్క మాట. అవి ప్యానెల్‌కి మాత్రం బిగించనివ్వకండి. ఇక్కడి నిబంధనల ప్రకారం పట్టుకునే రాడ్ 250 పౌండ్ల బరువు ఆపాలి, అంటే 113 కిలోలు. మనిషి జారినప్పుడు మొత్తం బరువు ఒక్క కుదుపులో దాని మీద పడుతుంది. బోలు ప్యానెల్‌లో స్క్రూ అంతకి నిలవదు.

సివిల్_శీను
పద్మ గారు చెప్పిన రాడ్ మాట వంద శాతం నిజం. ఇటుక గోడలోకి యాంకర్ బోల్టు దిగాలి. వాళ్లది తేలిక బ్లాకుల గోడ అయితే దానికి వేరే యాంకర్లు ఉంటాయి, మామూలు ప్లాస్టిక్ గట్టాలు పనికిరావు.

బెజవాడ_బాలు
ఫిన్లాండ్‌లో సౌనా గది అంతా చెక్కేగా? అక్కడ ఆవిరి ఉంటుంది, నీళ్లూ పోస్తారు. మరి అదెలా ఆగుతోంది?

వడ్రంగి_ఇంటిబిడ్డ
అక్కడ వేడి 80, 90 డిగ్రీలు ఉంటుంది బాలు అన్నా. పోసిన నీళ్లు ఆవిరైపోతాయి, వాడకం అయిపోయాక ఆ వేడికే గది ఎండిపోతుంది. ఒళ్లు కడుక్కునేది బయట వేరే గదిలో. అదీగాక వాళ్లు చెక్కని ముందే ఆవిరిలో 190, 210 డిగ్రీల దాకా కాల్చినట్టు వేడిచేసి వాడే పద్ధతి ఒకటుంది, థర్మోవుడ్ అంటారు. అది నీళ్లు తక్కువ పీలుస్తుంది, కానీ పెళుసుగా ఉంటుంది, స్క్రూకి ముందు డ్రిల్ వేయకపోతే చీలుతుంది. తడవడం చెక్కకి సమస్య కాదు, ఎండే వీలు లేకపోవడమే సమస్య.

పలాస_జీడి
మా తాతగారి పెంకుటింట్లో వాసాలకి జీడి నూనె పూసేవారు, జీడిపిక్కల తొక్కలోంచి తీసేది. చెద దగ్గరికి రాదు, నీళ్లు దిగవు. పడవలకీ అదే. బాత్రూమ్ చెక్కకి అది పూస్తే?

విశాఖ_తీరం
పడవకి సరే, బాత్రూమ్‌కి వద్దండీ. ఆ నూనె ఒంటికి తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. స్నానం చేసేటప్పుడు వీపు ఆనేది ఆ గోడకే.

ఖమ్మం_కల్యాణి
చెదల గురించి ఎవరూ చెప్పలేదని రాస్తున్నా. మాది కింది అంతస్తు ఇల్లు, ఎర్ర నేల. హాల్లో టేకు ప్యానెలింగ్ చేయించాం, దాని అవతలి గోడ బాత్రూమ్‌ది. మూడేళ్లకి ఓ పలక నొక్కితే లోపలికి వెళ్లింది. విప్పి చూస్తే టేకు పలకలకి ఏమీ కాలేదు. వెనక కొట్టిన రీపర్లు మాత్రం మట్టి గూడు. కార్పెంటర్ రీపర్లకి జంగిల్ వుడ్ వాడాడు. పైకి కనపడని దానికి టేకు ఎందుకు దండగ అన్నాడట మా మావయ్యగారితో. చెద తడి గోడ పట్టుకుని వచ్చి మెత్తటి కర్ర తినేసింది, టేకుని వదిలేసింది. రీపర్లు కూడా టేకువే అడగండి, లేదా అల్యూమినియం చానెల్ వేయించండి.

వడ్రంగి_ఇంటిబిడ్డ
కల్యాణి అక్కా, ఇది నేను రాయాల్సింది, మర్చిపోయాను. రీపరు కోసే ముక్కలు పలకల కోతలోనే మిగులుతాయి, వేరే కొననక్కర్లేదు.

మొర్బీ_టైల్స్_బాబు
నేను టైల్స్ షాపు నడుపుతాను కాబట్టి నా మాటలో నా లాభం ఉందనుకోండి, ఫర్వాలేదు. తడి గోడకి చెక్క రంగు విట్రిఫైడ్ టైల్ వేయండి. గుజరాత్‌లోని మొర్బీ నుంచి 8 అంగుళాల వెడల్పు, 4 అడుగుల పొడవు పలకల్లా వస్తున్నాయి. గీతలు, ముడులు అన్నీ ఉంటాయి. అర శాతం నీళ్లు కూడా పీల్చవు. మధ్య సందులకి సిమెంటు కాకుండా ఎపాక్సీ గ్రౌట్, టైల్ రంగుకి దగ్గరిది ఎంచుకోండి. గ్రౌట్ రంగు తేడా వస్తే దూరం నుంచే టైల్ అని తెలిసిపోతుంది. ఒక డిజైన్‌లో ఎన్ని రకాల ముఖాలు ఉన్నాయో షాపులో అడగండి. రెండే ఉంటే గోడ మీద ఒకే ముడి పది చోట్ల కనపడుతుంది.

కూకట్‌పల్లి_కిరణ్
టైల్ ఎంత బాగున్నా టైలే కదండీ. తాకితే చల్లగా ఉంటుంది. వాళ్లు అడిగింది చెక్క.

మొర్బీ_టైల్స్_బాబు
నిజమే. అందుకే తడి గోడకి అన్నాను, అన్ని గోడలకీ అనలేదు.

గుంటూరు_గృహిణి
లూవర్ల గురించి నేను చెప్తా, రోజూ కడిగేది నేనే కాబట్టి. మా వాళ్లు షవర్ పక్కన వేయించారు. ఆ గాడి వెడల్పు నా చిటికెన వేలంత. సబ్బు నురగ, బోరు నీళ్ల తెల్ల చార ఆ గాడిలో పేరుకుంటుంది. గుడ్డ దూరదు, బ్రష్ సగం దూరుతుంది. పాత టూత్‌బ్రష్ పెట్టి ఒక్కో గాడీ పై నుంచి కిందికి తోమాలి. మా గోడకి 64 గాళ్లు, లెక్కపెట్టాను. ముదురు రంగు తీసుకున్నాం కాబట్టి చార ఇంకా బాగా కనపడుతుంది. యాసిడ్ పోస్తే రంగు పోతుంది. పైన చివర్లు మూయలేదు, లోపలంతా బోలు. రాత్రి లైటు వేస్తే బొద్దింకలు అందులోకే పరిగెడతాయి.

కూకట్‌పల్లి_కిరణ్
ఈ పోస్టు చదివి మా ప్యానెల్ చివర్లు టార్చి వేసి చూశాను. పైన మూత ఉంది, కింద లేదు. రెండు బొద్దింకలు. ఇవాళే సిలికాన్ కొట్టించాను. అయినా నా మాట మార్చుకోను, పొడి గోడకి డబ్ల్యూపీసీ మంచిదే. తడి గోడకి వేయించుకోండి అన్నది మాత్రం వెనక్కి తీసుకుంటున్నా.

బెజవాడ_బాలు
బొద్దింకల పుణ్యమా అని చర్చలో రాజీ కుదిరింది.

కాకినాడ_ఖాజా
మెరైన్ ప్లై వాడితే? ఐఎస్ 710 ముద్ర ఉన్నది 72 గంటలు మరగబెట్టినా విడిపోదంటారుగా.

వడ్రంగి_ఇంటిబిడ్డ
ఆ పరీక్ష జిగురుకి ఖాజా భాయ్. పొరలు విడిపోవు, నిజమే. కానీ కోసిన అంచు నీళ్లు పీలుస్తుంది, పైన వేసిన వెనీర్ నల్లబడుతుంది. బేసిన్ కింద అరకి బంగారంలాంటి సరుకు. కోసిన ప్రతి అంచుకీ సీలర్ పట్టించాలి, పని చేసేవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఆ అంచునే.

సివిల్_శీను
మాధవి గారూ, మచ్చకి రెండు పరీక్షలు చెప్తాను, ఖర్చు లేనివి.

మచ్చ చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. మూడు రోజులు ఆ బాత్రూమ్‌లో ఎవరూ స్నానం చేయకండి, నీళ్ల పైపు వాల్వ్ మాత్రం తెరిచే ఉంచండి. మచ్చ అంచు వెనక్కి తగ్గితే తప్పు స్నానం నీళ్లది, అంటే టైల్ సందుల్లోంచో నేల మూలల్లోంచో దిగుతోంది. తగ్గకపోతే పైపు. అప్పుడు ప్లంబర్‌ని పిలిచి టెస్టింగ్ పంపు పెట్టించాలి.

రెండోది, గోడలో తడా, గాలిలో తడా అన్నది. అడుగున్నర పాలిథిన్ కవర్ ముక్క నాలుగు వైపులా టేపుతో గోడకి అతికించి ఒకరోజు వదిలేయండి. గోడ వైపు చెమ్మ చేరితే గోడలోంచి వస్తోంది. గది వైపు చేరితే గాలిలోది.

వీలైతే స్నానం చేసే గోడ టైల్స్ మీద నాణెంతో తట్టండి. డొల్ల శబ్దం వచ్చినవాటికి సుద్దతో గుర్తు పెట్టండి.

మియాపూర్_మాధవి
రేపటి నుంచే మొదలుపెడతాను. నాన్నగారికి నాణెం పని అప్పజెప్పాను, చాలా హుషారుగా ఉన్నారు.

రాజమండ్రి_రాజు
ఏ టైల్ డొల్లో నాన్నగారు ఒక్క పూటలో తేల్చేస్తారు చూడండి. పుచ్చకాయలు కొనడంలో ఆ తరం వాళ్ల చెవికి తిరుగులేదు.

మియాపూర్_మాధవి
వారమైంది, ఏం తేలిందో రాస్తున్నాను. రాజు గారూ, మీ మాటే నిజమైంది. కుళాయి కింద మూలలో, నేల నుంచి రెండడుగుల ఎత్తు లోపు 11 టైల్స్ డొల్ల అని నాన్నగారు సుద్ద గీతలు పెట్టారు. మూడు రోజులు పక్క బాత్రూమ్ వాడుకున్నాం. మూడో రోజు సాయంత్రానికి మచ్చ అంచు పెన్సిల్ గీత లోపలికి వేలెడు తగ్గింది. పాలిథిన్ కవర్‌కి గోడ వైపే చెమ్మ. అంటే పైపు కాదు, మా స్నానం నీళ్లే.

నిన్న మేస్త్రిని పిలిచి ఆ 11 టైల్స్ ఊడదీయించాం. ఉలి పెట్టి కొట్టక్కర్లేకుండానే నాలుగు ఊడి వచ్చాయి. వెనక సిమెంటు తడి ఇసుకలా ఉంది, పిడికిట్లో పడితే వేళ్ల మధ్యలోంచి జారింది. ఒక టైల్ వెనక సన్నటి వేరు లాంటిది పాకి ఉంది, డక్ట్‌లో మొలిచిన రావి మొక్కదట. దీని మీద లూవర్లు అతికించుకుని ఉంటే, అనుకుంటేనే టెన్షన్ వస్తోంది. వాటర్‌ప్రూఫింగ్ కూడా చేస్తావా అని ఇంటీరియర్ అబ్బాయిని అడిగితే, అది నా పని కాదు మేడమ్ అన్నాడు.

సివిల్_శీను
రావి వేరుని మొదలంటా తీయించండి. లేకపోతే మళ్లీ వస్తుంది. డక్ట్ వైపు నుంచి కూడా గోడ పగులు పూడ్పించాలి.

ఆ రెండు గోడల టైల్స్, నేల పూర్తిగా తీసేయండి. సగం ఉంచితే పాతదానికీ కొత్తదానికీ మధ్య అతుకులోంచి మళ్లీ దిగుతుంది. వాటర్‌ప్రూఫింగ్ పూత రెండు సార్లు, ఒకదానికొకటి అడ్డంగా. గోడా నేలా కలిసే మూలల్లో ఫైబర్ జాలీ పెట్టించాలి. స్నానం చేసే గోడకి ఏడడుగుల దాకా పూయించండి. తర్వాత తూము మూసి 48 గంటలు నీళ్లు నిలిపి, కింది ఫ్లాట్ వాళ్ల సీలింగ్ చూసి రండి. టైల్ పని వాళ్లు తొందరపెడతారు, ఒప్పుకోకండి.

మియాపూర్_మాధవి
ఇంట్లో అందరం కూర్చుని తేల్చుకున్నాం. నీళ్లు పడే రెండు గోడలకీ బాబు గారు చెప్పిన పలక టైల్స్, ఎపాక్సీ గ్రౌట్. నాన్నగారి రాడ్లు ఆ గోడలకే, ఇటుకలోకి బోల్టులు. తలుపు పక్కన బేసిన్ ఉన్న 5 అడుగుల గోడకి మాత్రం నిజం టేకు. బేసిన్ దాకా టైల్, దాని పైన నాలుగడుగుల ఎత్తు పలకలు. బకెట్ అక్కడికి దూరం, మధ్యలో అద్దం కూడా పెట్టిస్తున్నాం. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కొత్తది.

వడ్రంగి గారూ, 20 చదరపు అడుగులకి ఎంత టేకు కొనాలి?

వడ్రంగి_ఇంటిబిడ్డ
ఒక ఘనపుటడుగు కర్రని అంగుళం మందంగా కోస్తే లెక్క ప్రకారం 12 చదరపు అడుగులు రావాలి. రంపం పొట్టు, చిత్రిక, గాడి, తెలుపు తీసేయడం అన్నీ పోను 9 వస్తే మంచిదే. మీకు 20 కావాలి, రీపర్లు మిగిలిన ముక్కల్లోనే వస్తయి. రెండున్నర ఘనపుటడుగులు తీసుకోండి. సైజులు కోయించి తెచ్చాక వెంటనే కొట్టించొద్దు. ఇంట్లోనే మధ్య మధ్య పుల్లలు పెట్టి పేర్చి మూడు వారాలు ఉంచండి, మీ ఇంటి గాలికి అలవాటు పడాలి. పలక వంగేదుంటే అక్కడే వంగి తెలిసిపోతుంది, దాన్ని రీపర్లకి వాడుకోవచ్చు. రెండు పలకల మధ్య గాడిలో ఒక పోస్టుకార్డు మందం వదలమని చెప్పండి, వానాకాలం ఉబ్బడానికి.

సివిల్_శీను
ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే సరిపోదు, లోపలికి గాలి వచ్చే దారి ఉండాలి. తలుపు అడుగున ముప్పావు అంగుళం సందు ఉంచండి. స్నానం అయ్యాక కనీసం ఇరవై నిమిషాలు తిరగాలి.

రాజమండ్రి_రాజు
ఆ సందు కోసం తలుపు అడుగు కోస్తే, కోసిన చోట సీలర్ పట్టించడం మర్చిపోకండి. మా వీధిలో అన్ని రేకులూ అక్కడి నుంచే మొదలయ్యాయి.

డల్లాస్_పద్మ
మాధవి గారూ, నాన్నగారికి రాడ్ ఎంత ఎత్తులో ఉండాలో ముందే గోడ మీద గుర్తు పెట్టించండి. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, లేచేటప్పుడు చేయి సహజంగా ఎక్కడికి వెళ్తుందో చూసి, అక్కడ సుద్ద గీత పెట్టండి.

మియాపూర్_మాధవి
పెట్టించాం పద్మ గారూ. రెండు గీతలు వచ్చాయి, లేవడానికి ఒకటి, నిలబడటానికి ఒకటి. రెండు రాడ్లు.

టేకు నిన్న వచ్చింది. హాల్లో గోడ వారన పుల్లలు పెట్టి పేర్చాం. ఇల్లంతా అరకు కాటేజీ వాసన. పలకలు గోడకి కొట్టే ముందే నూనె పట్టించాలా, కొట్టాక పట్టించాలా?

వడ్రంగి_ఇంటిబిడ్డ
కొట్టక ముందే. మొదట వెనక వైపు, తర్వాత అంచులు, అడుగున కోసిన చివరకి మూడు సార్లు, అది తాగినంత తాగనివ్వాలి. కొట్టాక ముందు వైపు. నూనె తుడిచిన గుడ్డలు ఉండ చేసి మూల పడేయొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ల బకెట్లో ముంచి బయట ఆరేయండి.

గుంటూరు_గృహిణి
మాధవి గారూ, మీ పలకలకి గాళ్లు ఎంత వెడల్పు పెట్టిస్తున్నారు?

మియాపూర్_మాధవి
పైకి గాళ్లే లేవండి, చదును పలకలు. మీ పోస్టు చదివాకే మార్చాను. ఒక్క గుడ్డతో తుడిచేయొచ్చు.